పరమ మూల్యం ఉన్న సమీకరణాలు: బీజగణితంతో, గ్రాఫ్‌తో తప్పు లేకుండా సాధించడం ఎలా?

మోడ్ గుర్తు (పరమ మూల్యాన్ని సూచించే | | నిలువు గీతలు) కనబడగానే ఒకటి ప్లస్‌తో, ఇంకోటి మైనస్‌తో రాసేసి రెండు జవాబులు తేల్చేయడం చాలామందికి అలవాటు. తేలిక లెక్కల్లో అది పనిచేస్తుంది కాబట్టి అలవాటు ముదురుతుంది. ప్రశ్నలు ఆ తర్వాత మొదలవుతాయి. "నాకు రెండు జవాబులు వచ్చాయి, పుస్తకం వెనక 'సాధన లేదు' అని ఉంది, ఎందుకు?" "మూడు జవాబులు ఎలా వస్తాయి?" "గ్రాఫ్ గీయమంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" వీటన్నిటికీ ఒకే చోట సమాధానం దొరకాలని ఈ మార్గదర్శి రాస్తున్నాను.

గ్రాఫ్‌ను, బీజగణితాన్ని కలిపి వాడాలన్నది నా గట్టి అభిప్రాయం. జవాబులు ఎన్ని, దాదాపు ఎక్కడ ఉన్నాయి అన్నది గ్రాఫ్ చెబుతుంది. అవి కచ్చితంగా ఎంత అన్నది బీజగణితం చెబుతుంది. పేజీ మూలన చిన్న బొమ్మ గీసుకుని లెక్క మొదలుపెడితే, ఎన్ని జవాబులు రావాలో ముందే తెలిసి ఉంటుంది. అప్పుడు తప్పు జవాబు మీ చేతి నుంచి జారిపోదు.

## 1. మొదలుపెట్టే ముందు

నిర్వచనం ఇది:

- x ≥ 0 అయితే |x| = x
- x < 0 అయితే |x| = −x

రెండో వరుస దగ్గర చాలామంది తడబడతారు. "పరమ మూల్యం ఎప్పుడూ ధనాత్మకం లేదా సున్నా కదా, మరి −x ఎలా వస్తుంది?" అని అడుగుతారు. x విలువ −7 అయితే −x అంటే 7. ముందు మైనస్ గుర్తు ఉన్నంత మాత్రాన ఆ సంఖ్య రుణాత్మకం అయిపోదు. ఈ ఒక్క విషయం మనసులో స్థిరపడే దాకా ముందుకు వెళ్లకండి. కింద వచ్చే ప్రతి అడుగూ దీని మీదే నిలబడి ఉంది.

ఇంకో చూపు కూడా ఉంది. సంఖ్యారేఖ మీద |x − 3| అంటే x నుంచి 3కి ఉన్న దూరం. |x + 4| అంటే x నుంచి −4కి ఉన్న దూరం, ఎందుకంటే x + 4 = x − (−4). దూరం రుణాత్మకం కాదు. ఎడమ నుంచి కొలిచినా కుడి నుంచి కొలిచినా ఒకటే, కాబట్టి |x − 3|, |3 − x| రెండూ సమానం.

దగ్గర పెట్టుకోవాల్సిన నియమాలు:

- |a × b| = |a| × |b|. గుణకారాన్ని విడదీయవచ్చు.
- |a + b| ప్రతిసారీ |a| + |b|కి సమానం కానక్కర్లేదు. కూడికను విడదీయకూడదు. |5 + (−2)| = 3, కానీ |5| + |−2| = 7.
- √(x²) = |x|. దీన్ని x అని రాస్తే x రుణాత్మకమైనప్పుడు లెక్క తప్పుతుంది.

## 2. మోడ్‌ను ఒక పక్షంలో ఒంటరిగా మిగల్చండి

మొదటి అడుగు ఇదే. దీన్ని దాటేస్తే మిగతాదంతా తప్పుదారి పడుతుంది.

ఉదాహరణ: 3|2x − 5| + 4 = 25

1. 4ను అవతలి పక్షానికి పంపండి: 3|2x − 5| = 21
2. 3తో భాగించండి: |2x − 5| = 7
3. ఇప్పుడే రెండుగా విడదీయండి: 2x − 5 = 7 లేదా 2x − 5 = −7
4. మొదటిదాని నుంచి x = 6, రెండోదాని నుంచి x = −1
5. అసలు సమీకరణంలో ప్రతిక్షేపించండి. x = 6 అయితే 3 × 7 + 4 = 25. x = −1 అయితే 3 × |−7| + 4 = 25. రెండూ సరిపోయాయి.

ఒంటరి చేయకుండా ముందే విడదీస్తే ఏమవుతుందో చూడండి. 3(2x − 5) + 4 = −25 అని రాస్తే x = −7/3 వస్తుంది. దాన్ని వెనక్కి పెడితే ఎడమ పక్షం 33 అవుతుంది, 25 కాదు. మొదటి జవాబు 6 సరిగ్గానే వచ్చింది కాబట్టి రెండోదీ సరైనదే అనుకుని వదిలేస్తుంటారు. అసలు ప్రమాదం అక్కడే.

బయటి గుణకాన్ని లోపలికి తీసుకెళ్లాలనిపిస్తే గుర్తు చూసుకోండి. 3|2x − 5| ను |6x − 15| అని రాయవచ్చు. −3|x − 2| ను మాత్రం |−3x + 6| అని రాయకూడదు. మొదటిది ఎప్పుడూ సున్నాకు మించదు, రెండోది ఎప్పుడూ సున్నాకు తగ్గదు. మైనస్ గుర్తు మోడ్ గీతల బయటే ఉండాలి.

## 3. విడదీసే ముందు అవతలి పక్షం చూడండి

మోడ్ ఒంటరి అయ్యాక ఒక్క క్షణం ఆగి, అవతల ఏముందో చూడండి.

- ధన సంఖ్య ఉంటే: రెండు సందర్భాలు రాయండి.
- సున్నా ఉంటే: ఒకే సందర్భం. |3x − 12| = 0 అయితే x = 4 మాత్రమే.
- రుణ సంఖ్య ఉంటే: సాధన లేదు, అక్కడితో ఆపేయండి. |4x + 1| + 9 = 5 నుంచి |4x + 1| = −4 వస్తుంది. ఇది అసాధ్యం.
- x ఉన్న సమాసం ఉంటే: 5వ భాగంలో చెప్పిన జాగ్రత్త తప్పనిసరి.

మూడో రకంలో కూడా యాంత్రికంగా విడదీస్తే 4x + 1 = −4, 4x + 1 = 4 అనే రెండు మామూలు సమీకరణాలు వస్తాయి, రెండిటికీ జవాబులు ఉంటాయి. బీజగణితం మిమ్మల్ని ఆపదు. మీరే ఆగాలి.

## 4. గ్రాఫ్ గీయడం

y = |x| గ్రాఫ్ ఇంగ్లిష్ 'వి' అక్షరంలా ఉంటుంది. శీర్షం (రెండు చేతులు కలిసే మూల) మూల బిందువు (0, 0) దగ్గర, కుడి చేయి వాలు (కుడికి ఒక్కో అడుగుకూ ఎక్కే మెట్లు) 1, ఎడమ చేయి వాలు −1. మిగతావన్నీ దీన్ని జరిపి, సాగదీసి, తిరగేసినవే.

y = a|x − p| + q అనే రూపానికి శీర్షం (p, q). కుడి చేయి వాలు a, ఎడమ చేయి వాలు −a. a ధనాత్మకమైతే 'వి' పైకి, రుణాత్మకమైతే కిందికి తెరుచుకుంటుంది.

గీసే క్రమం, y = 2|x + 1| − 3 తో:

1. గీతల లోపలి సమాసం ఎక్కడ సున్నా అవుతుందో చూడండి: x = −1.
2. అక్కడ y కట్టండి: −3. శీర్షం (−1, −3).
3. శీర్షం నుంచి కుడికి ఒక్కో అడుగుకూ రెండు మెట్లు పైకి వెళ్లండి: (0, −1), (1, 1).
4. ఎడమకూ అంతే: (−2, −1), (−3, 1).
5. రూళ్లకర్రతో కలపండి. శీర్షం దగ్గర మూల పదునుగా ఉండాలి, పరావలయంలా గుండ్రంగా గీయకండి.

ఇప్పుడు 2|x + 1| − 3 = 1 సాధించమంటే y = 1 అనే అడ్డగీత గీయండి. అది x = 1, x = −3 దగ్గర తగులుతుంది. జవాబులు అవే.

ఇక్కడ తరచూ జరిగే తప్పు, x + 1 చూసి శీర్షాన్ని +1 దగ్గర పెట్టడం. "లోపల సున్నా ఎక్కడ?" అని ప్రశ్నించుకుంటే ఈ తప్పు జరగదు. |2x − 5| లాంటివాటికీ అదే ప్రశ్న: శీర్షం 5 దగ్గర కాదు, 5/2 దగ్గర. వాలు 2.

సమీకరణాన్ని గ్రాఫ్‌తో సాధించడం అంటే, ఎడమ పక్షాన్ని ఒక గ్రాఫ్‌గా, కుడి పక్షాన్ని ఇంకో గ్రాఫ్‌గా గీసి ఖండన బిందువులు చూడటం. జవాబుగా రాయాల్సింది ఆ బిందువుల x నిరూపకాలు మాత్రమే. బిందువు మొత్తాన్ని జవాబుగా రాసేస్తే మార్కులు పోతాయి.

గ్రాఫ్ ఒక్కటే చాలదని చెప్పడానికి ఒక ఉదాహరణ: |x − 1| = x/2 + 2. గీస్తే ఒక ఖండన బిందువు (6, 5) శుభ్రంగా కనబడుతుంది. రెండోది −1కి, 0కి మధ్య ఎక్కడో ఉంటుంది. ఎంత నాణ్యంగా గీసినా −0.7 అనే చదువుతాం. బీజగణితం చేస్తే x − 1 = −x/2 − 2, అంటే x = −2/3. ఎక్కడ వెతకాలో బొమ్మ చూపించింది, కచ్చితమైన విలువను లెక్క ఇచ్చింది.

మొబైల్‌లోనో కంప్యూటర్‌లోనో జియోజీబ్రా, డెస్మోస్ లాంటివి వాడుతుంటే, రెండు పక్షాలనూ రెండు వేర్వేరు వరుసల్లో టైప్ చేయండి. చేతులు దాదాపు సమాంతరంగా ఉన్నప్పుడు ఖండన బిందువు తెర బయట ఉండిపోవచ్చు. అందుకే జూమ్ తగ్గించి ఒకసారి దూరం నుంచి కూడా చూడాలి.

## 5. అవతలి పక్షంలోనూ x ఉంటే

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా వెళ్దాం.

|A| = B అని ఉంది, B లో x ఉంది అనుకోండి. A = B, A = −B అని రెండు సందర్భాలు రాస్తాం. అయితే |A| రుణాత్మకం కాలేదు కాబట్టి B ≥ 0 అనే షరతు ఎప్పుడూ పక్కన ఉంటుంది. విడదీసిన సమీకరణాల్లో ఆ షరతు కనబడదు. దాన్ని మీరే విడిగా రాసుకోవాలి.

క్రమం:

1. మోడ్‌ను ఒంటరి చేయండి.
2. పక్కన షరతు రాయండి: కుడి పక్షం ≥ 0.
3. రెండు సందర్భాలూ సాధించండి.
4. వచ్చిన ప్రతి విలువనూ షరతుతో పోల్చండి. నప్పనిదాన్ని కొట్టేయండి.

రెండూ నిలిచే లెక్క: |3x − 2| = x + 6. షరతు x ≥ −6. మొదటి సందర్భం 3x − 2 = x + 6 నుంచి x = 4. రెండోది 3x − 2 = −x − 6 నుంచి x = −1. రెండూ షరతుకు లోబడ్డాయి.

ఒకటే నిలిచే లెక్క: |x − 3| = 2x. షరతు x ≥ 0. మొదటి సందర్భం x = −3 ఇస్తుంది, అది చెల్లదు. రెండోది x − 3 = −2x, x = 1. జవాబు 1 మాత్రమే.

ఏదీ నిలవని లెక్క: |2x − 1| = x − 5. షరతు x ≥ 5. మొదటి సందర్భం x = −4, రెండోది x = 2. రెండూ 5 కంటే చిన్నవి. సాధన లేదు.

మూడో లెక్కకు బొమ్మ గీసి చూడండి. 'వి' శీర్షం (1/2, 0) దగ్గర ఉంది. y = x − 5 గీత అక్కడ చాలా కిందుగా ఉంది. కుడివైపు 'వి' చేయి 2 వాలుతో ఎక్కుతుంటే గీత 1 వాలుతోనే ఎక్కుతుంది, ఎన్నటికీ అందుకోలేదు. మరి −4, 2 ఎక్కడి నుంచి వచ్చాయి? అవి 'వి' చేతులను శీర్షం దాటి కిందికి పొడిగిస్తే గీతకు తగిలే చోట్లు. గ్రాఫ్‌లో లేని ఆ పొడిగింపులే బీజగణితంలో చెల్లని మూలాలుగా (షరతుకు నప్పని జవాబులుగా) బయటపడతాయి. ఇది ఒకసారి కళ్లారా చూస్తే, సరిచూడటం ఎందుకు తప్పనిసరో మళ్లీ ఎవరూ చెప్పనక్కర్లేదు.

పైకి తెరుచుకున్న ఒక 'వి', ఒక సరళరేఖ ఎన్నిసార్లు కలుస్తాయో లెక్క చేయకముందే చెప్పవచ్చు. రేఖ వాలును (గుర్తు వదిలేసి) 'వి' చేతి వాలుతో పోల్చండి:

- రేఖ వాలు తక్కువైతే: శీర్షం ఉన్న చోట రేఖ శీర్షానికి పైన ఉంటే 2 జవాబులు, శీర్షం గుండా పోతే 1, కింద ఉంటే 0.
- రేఖ వాలు ఎక్కువైతే: ఎప్పుడూ సరిగ్గా 1 జవాబు.
- వాలులు సమానమైతే: రేఖ శీర్షానికి పైన ఉంటే 1, కింద ఉంటే 0, శీర్షం గుండా పోతే ఒక చేయి మొత్తం కలిసిపోయి అనంతమైన జవాబులు.

చివరి రకానికి ఉదాహరణ |x − 5| = x − 5. విడదీస్తే మొదటి సందర్భంలో 0 = 0 వస్తుంది, చాలామంది అక్కడ కంగారు పడి వదిలేస్తారు. దాని అర్థం, షరతు ఒప్పుకున్న ప్రతి x జవాబే: x ≥ 5. అలాగే |x − 5| = 5 − x అయితే x ≤ 5.

## 6. రెండు పక్షాల్లోనూ ఒక్కో మోడ్ ఉంటే

|A| = |B| చూడటానికి భయపెట్టినా, పైదానికంటే తేలిక. నాలుగు గుర్తుల కలయికలు రాయనక్కర్లేదు. A = B, −A = −B రెండూ ఒకటే. A = −B, −A = B కూడా ఒకటే. మిగిలేవి రెండు.

|3x + 1| = |x − 7| చూద్దాం.

- 3x + 1 = x − 7 నుంచి x = −4
- 3x + 1 = −x + 7 నుంచి x = 3/2

ఇక్కడ చెల్లని మూలాలు రావు, ఎందుకంటే రెండు పక్షాలూ ఎలాగూ రుణాత్మకం కావు. ఒకసారి ప్రతిక్షేపించడం కూడికల తప్పులు పట్టుకోవడానికే. −4 దగ్గర రెండూ 11, 3/2 దగ్గర రెండూ 11/2.

|x − 2| = |x + 6| లాంటివాటిలో మొదటి సందర్భం −2 = 6 అని అసంబద్ధంగా తేలుతుంది. రెండోది x = −2 ఇస్తుంది. దూరాల భాషలో చూస్తే ఇది నోటిలెక్క: 2కి, −6కి సమాన దూరంలో ఉన్న బిందువు ఏది? వాటి మధ్య బిందువు, −2.

రెండు పక్షాలనూ వర్గం చేసే పద్ధతి కూడా ఉంది. ఇక్కడ అది సురక్షితమే. కానీ 5వ భాగంలోని లెక్కల్లో వర్గం చేస్తే చెల్లని మూలాలు అలాగే వస్తాయి, షరతు బాధ్యత తప్పదు. పైగా అంకెలు పెద్దవవుతాయి. అవసరం పడితే తప్ప నేనైతే ఆ దారి సూచించను.

## 7. మోడ్‌ల మొత్తం, భేదం

రెండు మూడు మోడ్‌లు కలిసి ఉంటే ప్లస్–మైనస్ పద్ధతిని పక్కన పెట్టి, సంఖ్యారేఖను ముక్కలు చేయాలి.

ఉదాహరణ: |x − 2| + |x + 3| = 9

1. ప్రతి మోడ్ ఎక్కడ సున్నా అవుతుందో రాయండి: 2, −3.
2. చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి రేఖను మూడు ముక్కలు చేయండి: x < −3, −3 ≤ x < 2, x ≥ 2.
3. ప్రతి ముక్కలో ప్రతి మోడ్ గుర్తు తేల్చండి. అనుమానం ఉంటే ఆ ముక్కలోంచి ఒక సంఖ్య పెట్టి చూడండి.
4. గీతలు తీసేసి సాధించండి.
5. వచ్చిన విలువ అదే ముక్కలో ఉందో లేదో చూడండి.

x < −3 లో: (2 − x) + (−x − 3) = 9, అంటే −2x − 1 = 9, x = −5. ముక్కలోనే ఉంది, తీసుకోండి.

−3 ≤ x < 2 లో: (2 − x) + (x + 3) = 5. ఇది 9 కాదు. ఇక్కడ జవాబు లేదు.

x ≥ 2 లో: 2x + 1 = 9, x = 4. తీసుకోండి.

జవాబులు −5, 4.

బొమ్మ గీస్తే ఇంకా బాగా తెలుస్తుంది. y = |x − 2| + |x + 3| గ్రాఫ్ −3 నుంచి 2 వరకు 5 ఎత్తులో సమతలంగా ఉండి, అటూ ఇటూ 2 వాలుతో లేస్తుంది. కాబట్టి కుడి పక్షం 9 అయితే రెండు జవాబులు. 3 అయితే సాధన లేదు. సరిగ్గా 5 అయితే −3 ≤ x ≤ 2 మొత్తం జవాబే. ఆఖరి రకంలో "5 = 5 వచ్చింది, x ఎగిరిపోయింది" అని లెక్క ఆపేయకండి. x ఎగిరిపోయి నిజమైన వాక్యం మిగిలితే ఆ ముక్క అంతా జవాబు, అబద్ధం మిగిలితే ఆ ముక్కలో ఏమీ లేదు.

ముక్కను సరిచూడటం ఎంత ముఖ్యమో ఈ లెక్క చూపిస్తుంది: |x + 1| − |x − 4| = 2x − 7.

- x < −1 లో ఎడమ పక్షం −5. x = 1 వస్తుంది, కానీ 1 ఈ ముక్కలో లేదు. కొట్టేయండి.
- −1 ≤ x < 4 లో 2x − 3 = 2x − 7, అబద్ధం.
- x ≥ 4 లో 5 = 2x − 7, x = 6. ఇదొక్కటే జవాబు.

మూడు మోడ్‌లు ఉంటే గ్రాఫ్ మూలల (ఒక్కో మోడ్ సున్నా అయ్యే చోట్ల) పట్టిక వాడండి, పని సగానికి తగ్గుతుంది. |x − 1| + |x − 4| + |x − 9| = 11 తీసుకోండి. ఈ గ్రాఫ్ ముక్కలు ముక్కలుగా సరళరేఖలే కాబట్టి మూలల దగ్గర ఎత్తులు చాలు:

- x = 1 దగ్గర 0 + 3 + 8 = 11
- x = 4 దగ్గర 3 + 0 + 5 = 8
- x = 9 దగ్గర 8 + 5 + 0 = 13

1 దగ్గరే 11 దొరికింది. 4 నుంచి 9 వరకు ఎత్తు 8 నుంచి 13కి, అంటే అడుగుకు 1 చొప్పున పెరుగుతోంది కాబట్టి 7 దగ్గర మళ్లీ 11. 1కి ఎడమన, 9కి కుడిన గ్రాఫ్ ఇంకా పైకే పోతుంది. జవాబులు 1, 7. కుడి పక్షం 8 అయి ఉంటే జవాబు 4 ఒక్కటే, 8 కంటే తక్కువైతే ఏదీ లేదు.

సరిహద్దు బిందువులను ఏ ముక్కలో కలపాలి అనే టెన్షన్ వద్దు. ఎటు కలిపినా విలువ ఒకటే వస్తుంది. ఏదో ఒక ముక్కలో కలపడం మాత్రం మరవకూడదు. పై లెక్కలో జవాబు 1 సరిగ్గా సరిహద్దు మీదే ఉంది.

## 8. మోడ్ లోపల మోడ్

బయటి గీతల నుంచి లోపలికి రండి, ఒక్కో పొర తీస్తూ.

||x − 2| − 5| = 3 లో బయటి పొర తీస్తే |x − 2| − 5 = 3 లేదా −3. అంటే |x − 2| = 8 లేదా 2. అక్కడి నుంచి x = 10, −6, 4, 0. నాలుగు జవాబులు.

కుడి పక్షాన్ని మార్చి చూడండి:

- 5 అయితే |x − 2| = 10 లేదా 0. జవాబులు 12, −8, 2. మూడు.
- 7 అయితే |x − 2| = 12 లేదా −2. రెండోది అసాధ్యం. జవాబులు 14, −10. రెండు.
- 0 అయితే |x − 2| = 5. జవాబులు 7, −3. రెండు.

"మూడు జవాబులు ఎలా వస్తాయి" అన్న ప్రశ్నకు సమాధానం ఈ గ్రాఫ్‌లో ఉంది. y = |x − 2| − 5 అనే 'వి'లో x అక్షం కింద ఉన్న భాగాన్ని పైకి తిప్పితే 'డబ్ల్యూ' ఆకారం వస్తుంది. మధ్య శిఖరం (2, 5). అడ్డగీత ఆ శిఖరాన్ని సరిగ్గా తాకితే మూడు జవాబులు, దాని కింద (x అక్షానికి పైన) నాలుగు, శిఖరానికి పైన రెండు.

ప్రతి పొర తీసినప్పుడూ 3వ భాగంలోని తనిఖీ చేయాలి. |x − 2| = −2 ను గమనించకుండా విడదీసేవారికి 0, 4 అనే తప్పుడు జవాబులు వచ్చి చేరతాయి.

## 9. వర్గ సమాసాలు ఉంటే

గీతల లోపల వర్గ సమాసం ఉన్నా క్రమం అదే. |x² − 5x| = 6 ను విడదీస్తే x² − 5x − 6 = 0 నుంచి 6, −1, x² − 5x + 6 = 0 నుంచి 2, 3. గ్రాఫ్ కోసం పరావలయంలో x అక్షం కింది భాగాన్ని పైకి తిప్పండి. x = 2.5 దగ్గర శిఖరం ఎత్తు 6.25. మన గీత 6 దానికి కొంచెం కింద ఉంది, అందుకే నాలుగు.

|x² − 4| = x + 2 లో ఒక వల ఉంది. మొదటి సందర్భం 3, −2 ఇస్తుంది. రెండోది 1, −2 ఇస్తుంది. −2 రెండుసార్లు వచ్చినా ఒకసారే రాయండి. జవాబులు −2, 1, 3. కారణాంకాలుగా రాసి రెండు వైపులా x + 2 కొట్టేసేవారికి −2 దొరకదు. సున్నా కాగల సమాసంతో భాగించకండి.

x² − 5|x| + 6 = 0 లాంటి రూపంలో x² ను |x|² అని రాసి, |x| = t అనుకోండి. t² − 5t + 6 = 0, t = 2 లేదా 3. జవాబులు 2, −2, 3, −3. t రుణాత్మకంగా వస్తే వదిలేయండి: x² − 2|x| − 8 = 0 లో t = 4, −2 వస్తాయి. 4 మాత్రమే పనికొస్తుంది, జవాబులు 4, −4.

## 10. జవాబు రాసే ముందు తనిఖీ

- మోడ్‌ను ఒంటరి చేశాకే విడదీశానా?
- అవతలి పక్షం రుణాత్మకం కాదని చూశానా? x ఉంటే షరతు రాశానా?
- మైనస్ సందర్భంలో అవతలి పక్షం మొత్తానికి గుర్తు మార్చానా? −(x + 6) ను −x + 6 అని రాయడం అన్నిటికంటే మామూలు తప్పు. బ్రాకెట్ పెట్టి, తర్వాత విప్పండి.
- ముక్కల పద్ధతిలో ప్రతి విలువా తన ముక్కలోనే ఉందా?
- బొమ్మ చెప్పిన సంఖ్యకు, నాకు వచ్చిన జవాబుల సంఖ్యకు పొంతన ఉందా?
- ప్రతిక్షేపణ అసలు సమీకరణంలో చేశానా, మధ్యలోని వరుసలో చేశానా?

చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. విడదీసిన వరుసలో పెట్టి చూస్తే చెల్లని మూలం కూడా సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అది పుట్టిందే ఆ వరుస నుంచి.

## 11. మీరు చేసి చూడాల్సినవి

ప్రతి లెక్కకూ ముందు చిన్న బొమ్మ గీసి, ఎన్ని జవాబులు రావాలో అంచనా రాసి, తర్వాత సాధించండి.

1. 2|x + 3| − 5 = 9
2. |5x − 2| = 3x + 10
3. |x + 4| = 3x − 2
4. |x − 1| + |x − 5| = 4
5. |x − 1| + |x − 5| = 10
6. ||x + 1| − 4| = 4
7. x² − 3|x| − 10 = 0

జవాబులు: 1) 4, −10. 2) 6, −1. 3) 3 మాత్రమే, −1/2 చెల్లదు, అక్కడ కుడి పక్షం −3.5 అవుతుంది. 4) 1 ≤ x ≤ 5 మొత్తం. 5) −2, 8. 6) 7, −9, −1. 7) 5, −5.